చేలో సమాధి ఇడుపులపాయతో పుట్టలేదు

వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో ఎవరింట్లోనైనా పెద్దప్రాణం పోతే, పాడె కట్టే వెదురుకు మనిషిని పంపకముందే ఒక వాదన లేస్తుంది. పూడ్చాలా, కాల్చాలా? బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ దిగిన కొడుకులు, అల్లుళ్లు కట్టెలు తెప్పించమంటారు. ఇంటి పెద్దలేమో తోటలో తాత పక్కన బొంద తీయమంటారు. పదిహేనేళ్లకు పైగా ఈ వాదనలో ఒక కొత్త మాట చేరింది. చేలో పూడ్చి పైన సమాధి కట్టడం మన ఆచారం కాదట, కిరస్తానీ పద్ధతట, ఇడుపులపాయలో రాజశేఖరరెడ్డి సమాధి చూసి జనం నేర్చుకున్నారట. చావింట్లో గొడవ పెంచడం ఇష్టం లేక పెద్దలు ఈ మాటకు ఎదురు చెప్పరు. చెప్పకపోవడంతో అదే చరిత్రగా నిలబడుతోంది. ఇడుపులపాయ చుట్టుపక్కల చేలన్నీ ఆ మాటను కాదంటున్నాయి.

ముందు 2009 సంగతి తేల్చుకుందాం. చిత్తూరు జిల్లాలో రచ్చబండకు బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు సెప్టెంబరు 2న నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. మరునాటికి గాని ఆచూకీ దొరకలేదు. 4న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో కడచూపుకు ఉంచి, ఆ సాయంత్రమే ఇడుపులపాయలో క్రైస్తవ ప్రార్థనలతో, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. ఇందులో రెండు నిర్ణయాలున్నాయి. కాల్చకుండా పూడ్చడం మతం చేసిన నిర్ణయం, దాంట్లో పేచీ లేదు. ఎక్కడ పూడ్చాలన్నది మాత్రం మతం చెప్పిన మాట కాదు. లండన్ మిషన్ కడపకు వచ్చింది 1822లో. అప్పటినుంచి ఈ జిల్లాలో చర్చికి పోయేవాళ్లకు సమాధుల తోటలు ఏర్పడుతూ వచ్చాయి. సంఘంలో పుట్టినవాడు సంఘం తోటలోనే పడుకోవడం క్రైస్తవుల రివాజు. రాజశేఖరరెడ్డి పుట్టిన జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి ఊరు, ఆయన పెరిగిన పులివెందులలోనూ క్రైస్తవులున్నారు. మతం ఒక్కటే లెక్కయితే చోటుకు కొదవ లేదు. అవన్నీ విడిచి సొంత ఎస్టేటుకు తెచ్చారంటే అది రేనాడు అనే ఈ కడప సీమ రైతు కుటుంబం తీసుకున్న నిర్ణయం. తండ్రి రాజారెడ్డి సమాధి పులివెందులలో ఉండగా కొడుకును ఇక్కడికెందుకు తెచ్చారని కొందరు అడుగుతారు. తాను ఇష్టపడి పెంచిన నేలలోనే మనిషిని ఉంచడం ఇక్కడి మర్యాద. ప్రశ్న అడిగేవాళ్ల చేలల్లోనే అన్నదమ్ముల సమాధులు వేరువేరు చెక్కల్లో కనిపిస్తాయి.

ఆ చేలల్లోకే పోదాం. పాత సమాధి ఎలా ఉంటుందో తెలియనివాళ్లు ఈ ప్రాంతంలో లేరు గాని, ఆగి చూసేవాళ్లు తక్కువ. బావి గడ్డన, వేపచెట్టు కిందనో కానుగ కిందనో, మోకాలెత్తు అరుగు. చుట్టూ నిలువుగా పాతిన కడప బండలు, నడుమ మట్టి నింపి పైన గచ్చు. తలవైపు దీపం పెట్టే చిన్న గూడు, దాని లోపలంతా ఏళ్ల తరబడి పట్టిన ఆముదం మసి. కొన్నింటి మీద పేరుంటుంది, ఎక్కువవాటి మీద ఉండదు, ఎవరిదో ఇంటివాళ్లకు తెలుసు, అంతే. సంక్రాంతికి, పెద్దల పండక్కి సున్నం కొట్టి కొత్త గుడ్డ, టెంకాయ పెడతారు. ఈ ఇళ్లలో సత్యనారాయణ వ్రతం చేస్తారు, గండి ఆంజనేయస్వామికి మొక్కుతారు. వీళ్లకు ఈ పద్ధతి చర్చి నేర్పిందనడం ఎలా కుదురుతుంది? పొలం అమ్ముకునే రోజు వచ్చినా, పెద్దల సమాధి ఉన్న చోటును మినహాయించి దీపం పెట్టుకోవడానికి దారి అడిగే కుటుంబాలున్నాయి. ఆ పట్టుదల ఒక తరంలో వచ్చేది కాదు.

దీనికి ఇంకా వెనక్కి పోయి రాక్షసగుళ్లను, అంటే ఆదికాలపు రాతి సమాధులను, తెచ్చేవాళ్లున్నారు. ఈ జిల్లాలోని శంఖవరంలో జంతువు ఆకారంలో చేసిన కాల్చిన మట్టి శవపేటిక దొరికింది, మద్రాసు మ్యూజియంకు చేరింది. ఇనుపయుగం నాటి ఆ జనం తమ పెద్దలను మట్టిలో దాచుకున్నారనడానికి అది సాక్ష్యమే. అయినా అక్కడినుంచి నేటి సమాధి అరుగుదాకా తెగని దారం ఉందని చెప్పడం మనవాళ్ల అత్యుత్సాహం. రెండు వేల ఏళ్ల సందును గర్వంతో పూడ్చలేం. ఈ నేలకు పూడ్చడం పరాయిది కాదని చెప్పడానికి మాత్రం ఆ పేటిక చాలు.

అవతలి వాదం ఎక్కువగా ప్రొద్దుటూరు వైపు నుంచి వస్తుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అది పెన్న ఒడ్డున వర్తకుల పట్నం. అక్కడి వైశ్యులు, బ్రాహ్మణులు దహనమే చేస్తారు, అస్థికలు పుష్పగిరికి తీసుకుపోతారు. తమ వీధిలో జరిగేదే జిల్లా అంతటి ఆచారమని పట్నం వాళ్లు అనుకోవడం ఈనాటిది కాదు. వాళ్ల ఆధారాల్లో గట్టిది సతి శిలలు. మగడి చితిలో పడి కాలిన ఆడవాళ్ల రాళ్లు రాయలసీమ పల్లెల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ దహనం పాతదేనంటారు. నిజమే, ఒప్పుకోవాల్సిందే. దహనం కూడా పాతదే అని మాత్రమే ఆ రాళ్లు చెబుతాయి, అందరూ దహనమే చేశారని చెప్పవు. జంగాలు కూర్చోబెట్టి పూడుస్తారు. పిల్లలు పోతే దహనం చేసే కులాల్లోనూ పూడ్చడమే. ఒకే ఊళ్లో ఒక వీధికి చితి, ఇంకో వీధికి బొంద. ఇక బ్రహ్మంగారి మఠాన్నీ, కటారుపల్లె వేమన సమాధినీ మన పక్షాన చూపించేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. సన్యాసులకూ యోగులకూ సమాధి శాస్త్రమే ఇచ్చింది. వాటిని చూపి సంసారుల ఆచారం రుజువు చేయబోతే అవతలివాళ్లకు అలుసైపోతాం. కట్టెల కరువే కారణమన్న మాట కూడా నిలవదు. అదే నిజమైతే అడవికి ఆనుకున్న వేంపల్లె పల్లెల్లో సమాధులు ఉండకూడదు.

పుస్తకాల్లో లేదు కదా అంటారు. ఏ పుస్తకాల్లో? గ్రిబుల్ 1875లో కడప మాన్యువల్ రాసినా, బ్రాకెన్‌బరీ 1915లో గెజిటీరు రాసినా అవి ఏలేవాళ్ల అవసరానికి రాసినవి. శిస్తు, చెరువు, కరువు వాళ్ల పట్టింపు. 1909 నాటి థర్‌స్టన్ సంపుటాలు కులాల పేర్ల వరసలో సాగుతాయి, ఒక ఊరి చేలను పట్టుకుని చూడవు. ఊళ్ల పాత దాఖలాలైన కైఫియత్తులకు ఊరి పుట్టుక, గుడి, చెరువు, కరణీకం ముఖ్యం. రైతు తన తండ్రిని ఎక్కడ పూడ్చాడో రాసే పని వీళ్లెవరికీ లేదు. వాళ్లు రాయలేదు గనుక జరగలేదనడం తర్కం కాదు.

పోతే, ఇడుపులపాయ సమాధి నాయకుల స్మారకాల మోజు, ఎన్టీఆర్ ఘాట్ చూసి కట్టినదే అన్న మాట. కట్టడం వరకు కొంత నిజం. చుట్టూ తోట, ప్రార్థన మందిరం, జయంతికీ వర్ధంతికీ వచ్చే జనం, పాదయాత్రలు అక్కడినుంచే మొదలవడం ఇవన్నీ రాజకీయం తెచ్చినవి. 2012 అక్టోబరు 18న కూతురు షర్మిల, 2017 నవంబరు 6న కొడుకు జగన్ నడక మొదలుపెట్టింది అక్కడినుంచే. కాని 1996లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున రామారావుకు చేసింది దహనం, ఆ చోటు ప్రభుత్వానిది. సొంత చేనుకూ దానికీ పోలిక లేదు. హిందూ నాయకులకు సమాధులుండవనేవాళ్లు మన పక్క జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిని గుర్తు చేసుకోవాలి. ఆయన సమాధి బెంగళూరు కల్పల్లి శ్మశానంలో ఉంది. 2016లో జయలలితను మెరీనాలో పూడ్చారు, ఆమె చర్చికి పోయిన మనిషి కాదు.

మనవాళ్లు గర్వంలో మరిచే సంగతి ఒకటుంది. చేలో సమాధి చేను ఉన్నవాడిదే. కూలి చేసుకున్నవాడికి శ్మశానం పోరంబోకో, ఏటి ఇసుకో. బొంద తీసిందీ, డప్పు కొట్టిందీ వాళ్లే, వాళ్ల పెద్దల చోటుకు మాత్రం గుర్తు రాయి కూడా లేదు. చాలా ఊళ్లలో వాళ్ల శ్మశానానికి ఈనాటికీ సరైన దారి లేదు. కాబట్టి ఇడుపులపాయ ఆచారం రేనాటి ఆచారమని నేనన్నప్పుడు, భూమి ఉన్న రేనాటిదని అర్థం చేసుకోవాలి.

ఉన్న గుర్తులూ పోతున్నాయి. గండికోట జలాశయం కింద 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయినప్పుడు ఆ ఊరి చేలల్లోని సమాధులూ నీళ్ల పాలయ్యాయి. పట్నాల పక్క పొలాలు ప్లాట్లయ్యే చోట జేసీబీ మొదట లేపేది ఆ అరుగునే. క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం, కలమళ్లది, మాదని చాటుకునే మనం, తాతల రాళ్ల మీది పేర్లు చదువుకోలేదు. భూముల రీసర్వేలో మీ చేనుకు వచ్చే సర్వేయరుకు పెద్దల సమాధి చూపించి పటంలో గుర్తు పెట్టించండి. రాయి మీద పేరు, సంవత్సరం ఉంటే రాసి పెట్టుకోండి. కూలివాడల శ్మశానానికి దారి, హద్దు రాళ్లు కూడా అదే పటంలో పడేట్టు చూడండి.