సమానత్వం, శ్రేష్ఠత: గురుకుల విద్యా చరిత్రలో ఒక వైరుధ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాలల చరిత్ర 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలయింది. మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోను ఇటువంటి పాఠశాలలే వెలిశాయి. నాటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. తెలంగాణ, కోస్తా, రాయలసీమలకు ఒక్కొక్కటిగా జరిగిన ఈ పంపిణీలో సమానత్వ దృష్టి లేకపోలేదు. అయితే అది ప్రాంతాల మధ్య సమానత్వం. ఒకే ఊరి పిల్లల మధ్య సమానత్వం వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు కొఠారి కమిషన్ 1966లోనే సమాధానం సూచించింది. కులం, మతం, ఆదాయం అనే భేదం లేకుండా పిల్లలందరూ తమ పరిసరాలలోని పాఠశాలలోనే చదవాలని, ఆ ఉమ్మడి పాఠశాల నాణ్యమైనదిగా ఉండాలని దాని ఆశయం. సంపన్నుల పిల్లలు కూడా అక్కడే చదివితే దాని బాగోగులు వారికీ పడతాయన్నది అందులోని తర్కం. కమిషన్ సభ్య కార్యదర్శి జె.పి. నాయక్ 1975లో వెలువరించిన గ్రంథంలో సమానత్వం, నాణ్యత, విస్తరణ అనే మూడింటిని చేతికి చిక్కని త్రిభుజంగా భావించాడు.

గురుకులం ఈ త్రిభుజంలో నాణ్యతను ముందుగా పట్టుకొన్నది. ప్రతిభ గల గ్రామీణ బాలుని ప్రవేశ పరీక్షతో ఎంపిక చేసి, వసతి, భోజనం, బోధన ఒకేచోట ఉచితంగా సమకూర్చింది. అంతకుముందున్న సంక్షేమ వసతి గృహం విద్యార్థికి నీడనిచ్చేదే గాని, చదువుకు అతడు సమీపంలోని బడికే వెళ్ళేవాడు. గురుకులంలో ఉపాధ్యాయుడు ఆవరణలోనే నివసించడం వల్ల తరగతి ముగిసినా బోధన ముగియలేదు. పదవ తరగతి ఫలితాలలో ఈ పాఠశాలలు రాష్ట్రస్థాయిలో పేరు తెచ్చుకోవడానికి ఇది ముఖ్య కారణం. కాని ఎంపికైన విద్యార్థితో పాటు ఊరి బడి తన చురుకైన పిల్లవానిని కోల్పోయింది. ఈ నష్టం ఏ ఫలితాల పట్టికలోను కనిపించదు.

పేరు విషయమూ గమనార్హం. జనవ్యవహారంలో ఇది ‘రెసిడెన్షియల్ స్కూలు’. అధికారిక తెలుగులో ‘గురుకుల పాఠశాల’. అర్హతను పుట్టుకతో ముడిపెట్టిన ప్రాచీన వ్యవస్థ పేరు, 1980లలో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాల ద్వారా, ప్రధానంగా దళిత విద్యార్థుల చదువుకు వర్తించింది. ఒక పదం తన చరిత్రకు ఇంతగా ఎదురు నడిచిన సందర్భాలు అరుదు. ఇక్కడ శ్రేష్ఠత కొద్దిమంది సొత్తు కాదని, అవకాశం లభిస్తే ఎవరికైనా సాధ్యమని రుజువయింది. కనుక గురుకులాన్ని కేవలం సమానత్వ విరోధిగా చూడడం సరికాదు. వైరుధ్యం గురుకులంలో కంటే, దాన్ని నెలకొల్పి ఊరి బడిని యథాస్థితిలో వదిలిన విధానంలోనే ఎక్కువ.

పి.వి. కేంద్ర మంత్రిగా ఉన్న కాలంలో, 1986 జాతీయ విద్యావిధానం ద్వారా ఈ నమూనా నవోదయ విద్యాలయాలుగా దేశంలోని చాలా రాష్ట్రాలకు వ్యాపించింది. వాటిలో కనీసం నాలుగింట మూడు వంతుల సీట్లు గ్రామీణ విద్యార్థులకు కేటాయించారు. బడిలో చేర్చుకొనేటప్పుడు పిల్లలను వడపోయరాదని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. నవోదయ ప్రవేశ పరీక్ష మాత్రం ఆ తరువాతా కొనసాగుతూనే ఉంది.