వనచరిత్రకారిణి లూసీ బ్రౌన్

రాజులకు వలెనే యడవులకును జరిత్ర గలదన్న మాట కొందఱు చదువరులకు వింతగాఁ దోఁపవచ్చును. పాఠశాలలలో మేము యుద్ధముల తేదీలు బాలురచేఁ గంఠస్థము చేయింతుము. ఆ యుద్ధము జరిగిన మైదానమున నంతకుమున్ను ఏ చెట్లుండెనో, అవి యేల పోయెనో చెప్పము. ఈ రెండవ చరిత్రను శోధించు శాస్త్రమునకు 1866 లో హెకెల్ అను జర్మను పండితుఁడు పెట్టిన పేరు గ్రీకుభాషలో గృహమను నర్థము గల శబ్దమునుండి పుట్టినది. ఏ ప్రాణి యే తావున, ఎవరి పొరుగున, ఎట్లు కాపురము చేయుచున్నదో తెలుపునది గావున నా పేరు తగియున్నది. మనవారు దీనిని జీవావరణ శాస్త్రమనుచున్నారు. గృహమన్న భావము జాఱిపోయినను మాట నిలిచినది.

ఈ శాస్త్రమున వృక్షశాఖకు అమెరికాలోఁ బునాది వేసినవారిలో ఎమ్మా లూసీ బ్రౌన్ ఒకతె. ఆమె 1889 ఏప్రిల్ 19 న ఒహాయో రాష్ట్రమందలి సిన్సినాటి నగరమున జన్మించెను. తండ్రి పాఠశాలలోఁ బ్రధానోపాధ్యాయుఁడు; తల్లియు నుపాధ్యాయినియే. బిడ్డలను అడవికిఁ దీసికొనిపోయి చెట్లను బూవులను గుఱుతుపట్టించుట ఆ దంపతుల యలవాటు. తల్లి యెండఁబెట్టి కాగితములకు నంటించి దాఁచిన మొక్కల సంపుటము కూడ నింటనుండెను. ఆఁడుపిల్లకు శాస్త్రమెందులకని యడుగువారికి ఆ యిల్లే సమాధానము. అక్క అన్నెట్, దీపములఁ జేరు సన్నని ఱెక్కపురుగులను బరిశోధించి, 1911 లో సిన్సినాటి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము వడసెను. అచ్చట నా పట్టమందిన మొదటి స్త్రీ యామెయే. లూసీ 1912 లో భూగర్భశాస్త్రమున ఎం.ఏ., 1914 లో వృక్షశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. అక్కచెల్లెండ్రిరువురును వివాహమాడక జీవితాంతము కలసియే నివసించిరి.

1912 లో లూసీ చికాగో వెళ్లి హెన్రీ కౌల్స్ అను నాచార్యుని కడఁ గొంతకాలము చదివెను. కౌల్స్ 1899 లో మిషిగన్ సరస్సు నొడ్డుననున్న యిసుకతిన్నెలఁ గూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. నీటి యొడ్డున వట్టి యిసుక. కొంత దూరమునఁ బచ్చిక. అటుపై పొదలు, తరువాత దేవదారు జాతి చెట్లు, ఓక్ వృక్షములు. సరస్సునుండి దూరమేఁగిన కొలఁదిఁ దిన్నె వయస్సు పెరుఁగును గనుక, ఒక జాము నడచినవాఁడు కొన్ని వందల యేండ్ల వృక్షచరిత్రను గన్నులారఁ జూచునన్నమాట. స్థలమును జూచి కాలమును జదువు నీ విద్యయే లూసీకిఁ దరువాత నాధారమయ్యెను.

విశ్వవిద్యాలయమున 1917 లో బోధకురాలై, పూర్ణాచార్య పదవి 1946 లోఁగాని పొందలేదు. 1948 లో తానే పదవి విడిచెను. దాదాపు ముప్పదియేండ్లు నిరీక్షించి రెండేండ్లనుభవించిన పదవియది! పురుషునకైన నింత యాలస్యమగునా యని మాకు సందేహము.

అయినను ఆమె నిజమైన పాఠశాల కెంటకీ కొండలలో నుండెను. మొదట రైలుబండ్ల మీఁదను, ట్రాముబండ్ల మీఁదను, కాలినడకను, 1930 నుండి సొంత మోటారుకారు మీఁదను సోదరీమణులు తిరిగిరి. మద్యనిషేధ కాలమున నా లోయలలో దొంగచాటు సారాబట్టీలుండెను. పరాయివారిని ననుమానముతోఁ జూచు ఆ కొండజనులతో వీరు స్నేహము సంపాదించి, చూచినదానిని బయటఁబెట్టక తమ చెట్లను లెక్కించుకొనిరి. ఇరువదియైదు సంవత్సరములలో నామె తిరిగినది 65,000 మైళ్లు. పోయిన చోటనెల్ల, పందిరివలెఁ గమ్ముకొన్న పెద్దచెట్లలో నే జాతి నూటికెన్నియో లెక్కగట్టి, వాలు, మన్ను, తేమ వ్రాసికొనుచుండెను. కంబర్లండ్ కొండల లోయలలోఁ బైవరుసయందే యిరువదికిఁ బైఁబడిన జాతులు కలసి పెరుఁగుటఁ జూచి, దానికి మిశ్రమవనమని 1916 లోనే పేరిడెను.

ఈ లెక్కకుఁ దొందర యుండెను. 1904 లో న్యూయార్కున నొక బూజుతెగులు చెస్ట్‌నట్ చెట్లకుఁ బట్టినట్లు కనిపెట్టిరి. ఆసియానుండి వచ్చిన యా తెగులు బెరడును దినివేయుచు దక్షిణమునకు వ్యాపించి, అర్ధశతాబ్దములోఁ గోట్లకొలఁదిఁ జెట్లను జంపినది. కొండవాసులకుఁ గలప నిచ్చినదియు, కాయలతోఁ బందులను మేపినదియు, పిల్లలు సంచులు నింపి యమ్ముకొన్నదియు నా చెట్టే. 1950 లో వెలువడిన తన మహాగ్రంథమున లూసీ తూర్పు అమెరికా యాకురాల్చు నడవులను తొమ్మిది మండలములుగా విభజించెను; అందొకదానికి ఓక్-చెస్ట్‌నట్ మండలమనియే పేరు. అప్పటి కా చెట్టు చచ్చియుండెను. చచ్చినవాని పేర నూరును బిలుచుటయేమని కొందఱనవచ్చును. ఆ పేరు లేనిచో నా కొండల కేమి జరిగెనో మనకుఁ దెలియునా?

గొడ్డలిపాలైన యడవులు వేఱు. పెర్రీ జిల్లాలో లెదర్‌వుడ్ వాఁగు పాయనున్న, ఎన్నఁడు నఱకని వనమును గాపాడుటకు 1930 తరువాత నామె చేసిన ప్రయత్నము ఫలింపలేదు. ఆ వనము ఱంపముపాలయ్యెను. ఆడమ్స్ జిల్లాలోని లింక్స్ పచ్చికబయళ్ల విషయమునఁ గొంత మేలు జరిగినది: అడవి నడుమ ద్వీపములవలె మిగిలిన యా చిన్న బయళ్లను 1959 లో ప్రకృతి సంరక్షణ సంఘము కొనెను. దాని చుట్టును బెరిగిన రక్షితభూమి నేఁడు 20,000 యెకరములు దాఁటినది.

ఆమె సిద్ధాంతమున కొక చిక్కు గలదు. హిమయుగమున నుత్తరమున మంచు గప్పినను, కంబర్లండ్ మిశ్రమవనము చెదరక ప్రాచీనకాలమునుండి యున్నచోటనే యుండెననియు, మిగిలిన యడవులు దానినుండియే వ్యాపించెననియు నామె నమ్మెను. 1949 లోనే ఎడ్వర్డ్ డీవీ యన్యథా వాదించెను. చెఱువులడుగునఁ బొరలుపొరలుగాఁ బేరుకొన్న పుప్పొడిని దరువాతివారు పరీక్షింపఁగా, చలికిఁ జెట్లు చాల దక్షిణమునకుఁ దొలఁగెననియు, మరల నొక్కొక్క జాతి తన వేగమునఁ దాను వచ్చెననియుఁ దేలినది. లూసీ తన మాట విడువలేదు. ఇది మొండితనమేయని మేము తలఁచుచున్నాము. కాని యిప్పటికి నా యడవులు పూర్వమెట్లుండెనో తెలియఁగోరువారందఱు నామె పట్టికలనే తెఱచుచున్నారు.

1950 లో అమెరికా జీవావరణ సంఘమున కధ్యక్షురాలయ్యెను. ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ. ఒహాయో చెట్లపై 1961 లో మఱియొక గ్రంథము వ్రాసెను. 1971 మార్చి 5 న మరణించెను. ఆమె కూర్చిన 11,891 మొక్కల నమూనాలు స్మిత్‌సోనియన్ సంస్థకుఁ జేరినవి. అక్క అన్నెట్ మఱి యేడేండ్లు జీవించి 1978 లోఁ గన్నుమూసెను.