గడ్డ మీద ‘రిసెప్టార్ పాజిటివ్’ అంటే ఏమిటి? హార్మోన్లు, కణితులు, కొత్త వైద్యం

పెదపారుపూడి నుంచి గుడివాడ, అక్కడి నుంచి విజయవాడ, అవసరమైతే హైదరాబాద్. మన వైపు క్యాన్సర్ అనుమానం వస్తే చాలా కుటుంబాలు తిరిగే దారి ఇదే. తిరిగొచ్చేసరికి చేతిలో ఒక ఫైలు ఉంటుంది. అందులో ‘న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్’, ‘సోమాటోస్టాటిన్ రిసెప్టార్ పాజిటివ్’, ‘డోటాటేట్ పెట్ స్కాన్’ లాంటి మాటలుంటాయి. ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లలకు కూడా అవి అర్థం కావు. కానీ ఏ మందు పని చేస్తుంది, ఏది చేయదు అన్నది చాలావరకు ఆ మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

హార్మోన్ ఉత్తరం, రిసెప్టార్ పోస్టు డబ్బా

ఒంట్లో ఒక చోట తయారై, రక్తంలో కలిసి, ఇంకో చోట పని చేయించే రసాయనమే హార్మోన్. అమైనో ఆమ్లాలు దండలా గుచ్చుకుని తయారయ్యే హార్మోన్లను పెప్టైడ్ హార్మోన్లు అంటారు. షుగర్ ఉన్నవాళ్లు తీసుకునే ఇన్సులిన్ ఇలాంటిదే, అందులో 51 అమైనో ఆమ్లాలుంటాయి. సోమాటోస్టాటిన్ అనే హార్మోన్‌లో 14 మాత్రమే.

హార్మోన్ ఉత్తరం అనుకుంటే, కణం గోడ మీద ఉండే రిసెప్టార్ పోస్టు డబ్బా. తెలుగులో గ్రాహకం అంటారు. ఏ డబ్బాలో ఆ ఉత్తరమే పడుతుంది. కొన్ని రకాల కణితులు (ఉర్దూలో రసోలీ అంటాం) తమ గోడ నిండా ఈ డబ్బాలు వేలాడదీసుకుంటాయి. పక్కనున్న మామూలు కణాలకు అన్ని ఉండవు. డాక్టర్లు పట్టుకున్న కిటుకు అక్కడే ఉంది. ఆ డబ్బాలో పడే ఉత్తరం లాంటి మందు తయారు చేస్తే అది నేరుగా కణితి ఇంటికే చేరుతుంది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్’ అని ఉంటుంది. అవి కూడా హార్మోన్ గ్రాహకాలే. కాకపోతే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే స్టెరాయిడ్ హార్మోన్లకు సంబంధించినవి, కణం లోపల ఉంటాయి. వాటికి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు వాడతారు. రెండింటినీ కలిపి చూసుకుని కంగారు పడొద్దు.

ఎవరు కనిపెట్టారు?

1973లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజర్ గిల్మన్ బృందం గొర్రెల మెదడు భాగం నుంచి సోమాటోస్టాటిన్‌ను వేరు చేసింది. ఎదుగుదల హార్మోన్‌ను ఆపేది కాబట్టి ఆ పేరు పెట్టారు. మెదడు తయారు చేసే పెప్టైడ్ హార్మోన్ల మీద పరిశోధనకు గిల్మన్, ఆండ్రూ షాలీలకు 1977లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది అదే బహుమతిలో వాటా పొందిన రోజలిన్ యాలో, రక్తంలో ఇలాంటి హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టినామె.

అసలు సోమాటోస్టాటిన్ రక్తంలో రెండు మూడు నిమిషాలకే కరిగిపోతుంది, మందుగా పనికిరాదు. అందుకని స్విస్ కంపెనీ శాండోజ్ దాన్ని 8 అమైనో ఆమ్లాలకు కుదించి, ఎక్కువసేపు నిలిచేలా ఆక్ట్రియోటైడ్ తయారు చేసింది. 1988లో అమెరికాలో అనుమతి దొరికింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జీన్ క్లాడ్ రూబీ అనే పాథాలజిస్టు, ఆపరేషన్‌లో తీసిన కణితుల ముక్కల మీద ఏ హార్మోన్‌కు ఎన్ని గ్రాహకాలున్నాయో 1980ల నుంచి కొలుస్తూ వచ్చారు. ఇప్పటి స్కాన్‌కీ వైద్యానికీ ఆ పని పునాది అయింది.

ఇర్ఫాన్ ఖాన్‌కు వచ్చింది ఇదే

ఈ జబ్బు పేరు మన ఇళ్లలో మొదటిసారి వినిపించింది 2018 మార్చిలో. తనకు న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ ఉందని నటుడు ఇర్ఫాన్ ఖాన్ స్వయంగా చెప్పారు. ‘న్యూరో’ అన్నంత మాత్రాన అది మెదడు జబ్బు కాదని కూడా అప్పుడే వివరించారు. లండన్‌లో వైద్యం చేయించుకున్నారు. 2020 ఏప్రిల్ 29న, రంజాన్ నెలలో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కణితులు హార్మోన్లు తయారు చేసే కణాల్లో పుడతాయి. పేగులు, క్లోమం, ఊపిరితిత్తుల్లో ఎక్కువ. కొన్ని ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని వేగంగా ముదురుతాయి. రిపోర్టులో ‘కేఐ 67’ అనే అంకె ఆ వేగం చెబుతుంది. 3 శాతం లోపు ఉంటే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3.

‘గ్యాస్’ అనుకుని వదిలేయొద్దు

ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. ఆగి ఆగి విరేచనాలు, కారణం లేకుండా మొహం, మెడ ఎర్రబడి వేడెక్కడం, పిల్లికూతలు. వీటిని గ్యాస్ అనో, పేగుపూత అనో, ఆడవాళ్లకైతే నెలసరి ఆగే వయసు అనో ఏళ్లు గడిపేస్తారు.

రంజాన్‌లో గమనించాల్సింది ఇంకొకటి. క్లోమంలో ఇన్సులినోమా అనే అరుదైన కణితి అవసరం లేకపోయినా ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది. షుగర్ జబ్బు లేదు, షుగర్ మందులు వాడటం లేదు. అయినా కడుపు ఖాళీగా ఉన్నప్పుడల్లా చెమటలు, వణుకు, మాట తడబాటు, స్పృహ తప్పడం. ఖర్జూరమో, షర్బతో నోట్లో పడగానే తేరుకోవడం. ఒక్కసారి జరిగితే నీరసం అనుకోవచ్చు. మళ్లీ మళ్లీ జరిగితే ఆ క్షణంలో గ్లూకోమీటర్‌తో షుగర్ చూసి, ఆ అంకె రాసిపెట్టుకుని డాక్టర్‌కు చూపించాలి. ఇన్సులినోమాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే, ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతాయి.

పరీక్షలకు ముందు

క్రోమోగ్రానిన్ ఏ అనే రక్తపరీక్ష రాస్తారు. మనవాళ్లు రోజూ పొద్దున్నే వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రల వల్ల కణితి లేకపోయినా ఈ అంకె పెరుగుతుంది. మాత్ర సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, ఎన్ని రోజులు ఆపాలో ఆయనే చెబుతారు.

ఇంకోటి 24 గంటల మూత్రం పట్టి చేసే ఫైవ్ హెచ్‌ఐఏఏ పరీక్ష. దీనికి రెండు మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, టమాటా, అక్రోట్ మానాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

గ్యాలియం డోటాటేట్ పెట్ స్కాన్ అన్నిటికంటే ముఖ్యం. సోమాటోస్టాటిన్ లాంటి పెప్టైడ్‌కు గ్యాలియం 68 అనే రేడియో పదార్థం తగిలించి ఎక్కిస్తారు. డబ్బాలున్న చోటల్లా అది అంటుకుని స్కాన్‌లో వెలుగుతుంది. గ్యాలియం 68 నిమిషాలకు సగం తగ్గిపోతుంది కాబట్టి స్కాన్ చేసే చోటో, దగ్గర్లోనో తయారు కావాలి. అందుకే ఇది చిన్న ఊళ్లలో దొరకదు. బండి కట్టించుకునే ముందు ఏ రోజు చేస్తారో ఫోన్ చేసి కనుక్కోవాలి.

వైద్యం

ఒకే చోట ఉంటే మొదటి మాట ఆపరేషనే. పాకి ఉంటే, డబ్బాలున్నాయని స్కాన్‌లో తేలితే, నెలకోసారి ఆక్ట్రియోటైడ్ లేదా లాన్‌రియోటైడ్ ఇంజెక్షన్ ఇస్తారు. విరేచనాలు తగ్గుతాయి, చాలామందిలో పెరుగుదల నెమ్మదిస్తుంది. పిత్తాశయంలో రాళ్లు, షుగర్ హెచ్చుతగ్గులు రావచ్చు.

అది చాలకపోతే అదే పెప్టైడ్‌కు ల్యుటీషియం 177 తగిలించి పంపుతారు. అది వదిలే బీటా కిరణం మహా అయితే 2 మిల్లీమీటర్లు వెళ్తుంది. అందువల్ల దెబ్బ ఎక్కువగా కణితికే తగులుతుంది. మామూలుగా 8 వారాలకు ఒకటి చొప్పున నాలుగు డోసులు. 2017లో వచ్చిన నెటర్ 1 అధ్యయనంలో 229 మంది పేగు కణితి రోగులను చూశారు. 20 నెలల దగ్గర జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఈ వైద్యం తీసుకున్నవారిలో 65 శాతం, పెద్ద డోసు ఆక్ట్రియోటైడ్ మాత్రమే తీసుకున్నవారిలో 11 శాతం.

ల్యుటీషియం 177 మన దేశంలోనే, ముంబై ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది. వైద్యం అయ్యాక కొన్ని రోజులు గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా ఉండాలి. కిడ్నీ, రక్తకణాల పరీక్షలు తప్పకుండా చేయిస్తూ ఉండాలి.

డాక్టర్‌ను అడగాల్సినవి

కణితి ఎక్కడ మొదలైంది? గ్రేడ్ ఎంత, కేఐ 67 ఎంత? డోటాటేట్ స్కాన్‌లో వెలిగిందా? వెలగకపోతే వేరే దారి ఏమిటి? ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఇందులో ఏది వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి? ఈ చివరిది డాక్టర్ దగ్గర తేలకపోతే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో అడగాలి. మందు మొదలవకముందే, అప్పు చేయకముందే.

బయాప్సీ రిపోర్టు, బ్లాకులు, స్కాన్ సీడీ ఇంట్లో ఒకే ఫైలులో ఉంచండి. ఊరు మారినా, ఆసుపత్రి మారినా బయాప్సీ మళ్లీ చేయించుకోవాల్సిన పని లేకుండా ఆ బ్లాకు మీదే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవచ్చు.