తెర మీది ప్రత్యర్థులు

వీడియో ఆట యనగానే ఒంటరిగా యంత్రముతో పోరాడు బాలుని రూపము మన కన్నుల ముందు నిలుచును. కాని చరిత్రను తిరుగవేసి చూచినచో, ఈ ఆటలలో తొలుత పేరొందినవి ఇద్దరు మనుష్యుల నడుమ పోటీలుగనే పుట్టినవని మనకు తెలియును.

1958 అక్టోబరు 18వ తేదీన అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చినవారికై విలియం హిగిన్‌బాథమ్ అను శాస్త్రజ్ఞుడు ఒక టెన్నిస్ ఆటను ఏర్పాటు చేసెను. 5 అంగుళముల ఆసిలోస్కోపు తెరపై వెలుగుచుక్కయే బంతి; చిన్న నిలువు గీతయే వల. ఆటగాండ్రిరువురును, మనము రేడియో మరను త్రిప్పునట్లు, చేతిపెట్టెకు గల మరను త్రిప్పి బంతికి దారి చూపుచు, మీట నొక్కి కొట్టుచుండిరి. వందలకొలది జనము వరుస కట్టిరి. యుద్ధకాలమున అణుబాంబు పరిశోధనలో పనిచేసి, పిమ్మట అణ్వస్త్రముల కట్టడికై పాటుపడిన ఆ శాస్త్రజ్ఞుడు, ఎవరికిని హాని లేని పోరు నొకదానిని ఇట్లు లోకమునకు చూపెను.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులును ‘స్పేస్‌వార్’ అను ఆటను రూపొందించిరి. నడుమ నొక నక్షత్రము తనవైపు లాగుచుండగా, రెండు అంతరిక్ష నౌకలు ఒకదాని నొకటి వేటాడును. రెండవ నౌకను తానే నడుపగల శక్తి నాటి కంప్యూటరునకు మిగులలేదు. కనుక మరియొక మనిషి కూర్చుండవలసి వచ్చెను. యంత్రము రణరంగము, మధ్యవర్తి మాత్రమే. 1972 అక్టోబరు 19న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఈ ఆటలో పోటీ జరిగెను. బహుమానము ఒక పత్రికకు ఏడాది చందా!

1978లో జపానునందు ‘స్పేస్ ఇన్వేడర్స్’ వెలువడెను. అందు యంత్రమే శత్రువు; మనుష్యుల పోటీ తెరపై నిలిచిన అంకెలకు పరిమితమాయెను. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చి ఇద్దరిని మరల ఒకే యంత్రము ముందు ప్రక్కప్రక్కన నిలబెట్టెను. ఇంటర్నెట్టు వలన నేడు ప్రత్యర్థి ఖండాంతరమున నుండవచ్చును. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఈ పోటీలకు పతకములును ఇచ్చిరి.

ఆటకు పణము తోడైనచో ఏమగునో ధర్మరాజు కథ మనకు నేర్పినది. 2025లో మన పార్లమెంటు చేసిన చట్టము ఈ భేదమునే పాటించి, ఈ-స్పోర్ట్సును ప్రోత్సహించుచు, ధనము నొడ్డు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. పత్రిక చందాకై పోటీపడిన నాటి యువకుల నాకర్షించినది పణము గాదు, ఎదుటివాని నేర్పు. మన ఇండ్లలో పిల్లలు తెర ముందు కూర్చుండినపుడు, ఎంతసేపు ఆడిరని మాత్రమే గాక, ఎవరితో ఆడుచున్నారు, దేని నొడ్డుచున్నారు అని కూడ మనము అడుగవలెను.