బిగువు కాదు, ఆసరా

రాత్రి రెండున్నర. పాప కదిలింది, ఏడుపు అందుకోబోతోంది. సిజేరియన్ అయి ఇంటికొచ్చాక ఇదే తొలి రాత్రి. సాయంత్రం మీరు పొట్టకు కట్టుకున్న బెల్టు పైకి జరిగి పక్కటెముకల కింద గుచ్చుకుంటోంది. లోపలంతా చెమట. ఊపిరి నిండుగా అందడం లేదు.

వెల్క్రో లాగుతారు. ఆ చప్పుడుకు అమ్మ లేచింది.

"ఎందుకు విప్పుతున్నవ్ బిడ్డా? గట్టిగ కట్టు, లేకుంటే పొట్ట జారుతది."

అమ్మవి మామూలు కాన్పులు. పాత చీరతో వేసిన ఆమె నడికట్టు కింద కోత లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణ కాన్పుల్లో నూటికి 60 సిజేరియన్లే. చీర పోయి బెల్టు వచ్చింది, బిగించమనే మాట మాత్రం అలాగే ఉంది. గర్భసంచి ముడుచుకోవడానికి దాదాపు 6 వారాలు పడుతుంది. ఎంత బిగించినా ఆ గడువు తగ్గదు. బెల్టు చేసే మేలు వేరు. దగ్గినప్పుడు, లేచినప్పుడు కోత మీద పడే లాగుడును అది కొంత మోస్తుంది.

ఇప్పుడు మీకు కావలసింది అదే. బెల్టును కిందికి జరిపి, నైటీ ముడతలు సరిచేసి, రెండు వేళ్లు దూరేంత వదులుగా మళ్లీ కడతారు. మోకాళ్లు మడిచి, నడుము మెలిపడకుండా భుజాలూ తుంటీ ఒకేసారి పక్కకు తిప్పుతారు. కాళ్లు మంచం కిందికి. మోచేతి మీద బరువు. కోత దగ్గర మంట లేస్తుంది, ఎవరో అరచేత్తో అదిమి పట్టినట్టు అక్కడికక్కడే ఆగుతుంది. లేచి కూర్చున్నారు! ఒళ్లో దిండు పెట్టి, పాప కాళ్లు కుట్లకు తగలకుండా అమ్మ అందిస్తుంది.

పాలు తాగి పాప నిద్రపోయాక అమ్మే బెల్టు విప్పింది. చర్మం మీద అంచుల గీతలు చూసి ఒక క్షణం ఆగింది. కోత దగ్గర తడి లేదు, ఎరుపు లేదు.

"ఇగ తీసే పండుకో."

డిశ్చార్జి రోజునే డాక్టర్‌ని అడగండి, రాత్రి ఉంచాలా, తీయాలా, ఎన్నాళ్లు కట్టాలి అని. ఊపిరి ఆడకపోతే వెంటనే విప్పండి. కోత ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.