పండగ పులుసు, బుధవారం పులుసు

సంక్రాంతికి కోస్తాలో చాలా ఇళ్లలో గుమ్మడికాయ పులుసు కాస్తారు. కొత్త బియ్యం, కొత్త బెల్లం, పాదు నుంచి కోసిన గుమ్మడికాయ ఒకేసారి ఇంటికి చేరే రోజులవి. ఆ పులుసు మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఈ వ్యాసానికి మూలం ఆ ఆలోచనే. పండగ వంట వల్ల పిల్లల తిండి అలవాట్లలో, ఇంట్లోవాళ్ల దగ్గరితనంలో మార్పేమైనా వస్తుందా? వస్తే దానికి ఏడాదికి ఒక్క రోజు చాలుతుందా?

పండగలు కుటుంబాన్ని కలుపుతాయని అందరం అంటాం. దానికి ఆధారమూ ఉంది, కానీ మనం అనుకున్నంత గట్టిది కాదు. కుటుంబ దినచర్యలు, ఆచారాల మీద 50 ఏళ్లలో వచ్చిన 32 అధ్యయనాలను బార్బరా ఫీజ్, ఆమె సహచరులు 2002లో సమీక్షించారు. దినచర్యకూ ఆచారానికీ వాళ్లు గీసిన గీత నాకు చాలా ఉపయోగపడింది. రాత్రి ఎనిమిదింటికి అన్నం తినడం దినచర్య. అది పని, అయిపోతే దాని గురించి ఎవరూ తలుచుకోరు. భోగినాడు తెల్లారకముందే నానమ్మ లేపి మంట దగ్గరికి తీసుకెళ్లడం ఆచారం. అందులో ‘మనం ఇలాంటివాళ్లం’ అన్న భావన ఉంటుంది, ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుర్తొస్తుంది. ఇవి ఉన్న ఇళ్లలో పిల్లల సర్దుబాటు, దంపతుల సంతృప్తి మెరుగ్గా ఉన్నట్టు సమీక్షలో కనిపించింది. అయితే కనిపించింది సంబంధమే, కారణం కాదు. సఖ్యంగా ఉన్న ఇల్లే పండగ బాగా చేసుకుంటుందేమో. పైగా ఆ అధ్యయనాలు ప్రధానంగా పాశ్చాత్య కుటుంబాలవి. మన ఉమ్మడి కుటుంబాల పండగ సందడికి వాటిని యథాతథంగా వర్తింపజేయలేం.

ఆచారం రుచిని పెంచుతుందా అన్న ప్రశ్నకు కొంత సూటి సమాధానం ఉంది. 2013లో కాథ్లీన్ వోస్ బృందం చేసిన ప్రయోగాల్లో, తినేముందు ఒక చిన్న క్రమాన్ని పాటించినవాళ్లు ఆ పదార్థాన్ని ఎక్కువగా ఆస్వాదించారు. నిమ్మరసం కలిపే ప్రయోగం ఇక్కడ ముఖ్యం. క్రమం ప్రకారం తాము స్వయంగా కలుపుకున్నవాళ్లకే అది ఎక్కువ నచ్చింది, ఇంకొకరు కలుపుతుంటే చూసినవాళ్లకు అంతగా కాదు. పండగనాడు పిల్లల్ని వంటింటి గడప అవతల కూర్చోబెట్టి ‘చూస్తూ ఉండు, ముట్టుకోకు’ అనే అలవాటు గురించి మళ్లీ ఆలోచించడానికి ఈ ఒక్క ఫలితం చాలనిపిస్తుంది.

పిల్లల మీదే చేసిన ప్రయోగం ఇంకొకటి ఉంది. 2014లో వాన్ డెర్ హోర్స్ట్ బృందం ఆరు నుంచి పదేళ్ల లోపు పిల్లలు 47 మందిని పరిశీలించింది. అమ్మానాన్నల సాయంతో తామే వండిన పిల్లలు, పెద్దవాళ్లు వండిపెట్టిన పిల్లలకన్నా 76 శాతం ఎక్కువ సలాడ్ తిన్నారు. రెండు సంగతులు మర్చిపోకూడదు. ఇది ఒక్క పూట భోజనం లెక్క, పరిశోధకులు నెస్లే పరిశోధన కేంద్రానికి చెందినవారు. పైగా ఆ పిల్లలు కోడిమాంసమూ ఎక్కువే తిన్నారు, మొత్తం కేలరీలు దాదాపు పావువంతు పెరిగాయి. కాబట్టి వండిన పిల్లలు ఆరోగ్యంగా తింటారని కాదు, ఆ పూట ఎక్కువ తిన్నారని మాత్రమే చెప్పగలం.

ఏడాదికి ఒక్క రోజు చాలదన్న నా వాదనకు అన్నిటికన్నా బలమైన ఆధారం జేన్ వార్డిల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం. పిల్లలు పెద్దగా ఇష్టపడని ఒక కూరగాయను తల్లిదండ్రులు 14 రోజులపాటు రోజూ కొద్దిగా రుచి చూపించారు. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలు, ఎవరు ఏ జట్టో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. రోజూ రుచి చూసిన జట్టులో ఆ కూరగాయ మీద ఇష్టం, తిన్న పరిమాణం రెండూ పెరిగాయి. ఉత్త సలహాలు అందుకున్న ఇళ్లలో అంత మార్పు రాలేదు. అంటే పని చేసింది పదేపదే రుచి చూడటం. ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి ఒక్క చెంచా నాకించి పిల్లలకు చేదు అలవాటైందని అనుకోలేం.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. పండగ ఆ వంటకానికి అర్థాన్నిస్తుంది, మామూలు రోజు దాన్ని అలవాటు చేస్తుంది. ఇది నా ఊహే, దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగాన్ని నేను చదవలేదు. అయినా పరీక్షించడం ఏ ఇంటికీ కష్టం కాదు. గుమ్మడికాయ పులుసు అరగంట పని. చెక్కుతోనే పెద్ద ముక్కలు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి ఉడికించడం. నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి, బెల్లం ముక్క వేసి, చెంచాడు వరిపిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెడితే అయిపోయింది. ఇందులో కత్తి, పొయ్యి పెద్దవాళ్లవి. చింతపండు పిసకడం, కరివేపాకు దూయడం ఏడేళ్లవాళ్లు చెయ్యగలరు.

సులువైన వంటకాన్నే ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దది. జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు పైబడిన ఆడవాళ్లలో 81.2 శాతం రోజువారీ ఇంటిపనిలో పాల్గొంటే, మగవాళ్లలో 26.1 శాతమే పాల్గొన్నారు. పాల్గొన్నవాళ్లు వెచ్చించిన సమయం ఆడవాళ్లకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97. పండగ సంప్రదాయాన్ని ఇంట్లో నిలబెట్టుకోవాలని చెప్పేటప్పుడు ఆ బరువు ఎవరి నడుము మీద పడుతుందో చెప్పకపోతే అది నిజాయితీ కాదు. అరిసెల పాకం పట్టడం ఒక్కరి వల్ల కాని పని. పులుసు అలా కాదు, నాన్న కూడా ఆఫీసు నుంచి వచ్చాక పెట్టగలడు.

మా అన్నయ్య కూతురికి ఏడేళ్లు. సంక్రాంతినాడు గుమ్మడి ముక్కలన్నీ పళ్లెం అంచుకు తోసేసింది. తర్వాత వచ్చిన నాలుగు బుధవారాలూ వాళ్ల నాన్న అదే పులుసు పెట్టాడు. గిన్నెలో చింతపండు పిసికి, పీచు వేళ్లకు చుట్టుకుంటే ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టే పని పిల్లది. ఒక్క పిల్ల, నాలుగు వారాలు, దీన్ని ఆధారం అనను. నాలుగో బుధవారం కూడా ముక్క తినలేదు. పులుసు మాత్రం రెండోసారి అడిగి అన్నంలో పోయించుకుంది.