గుమ్మంలో చెంబు

దగ్గరికి జరిగి కూర్చో అమ్మలూ. ఆ కొబ్బరిమట్ట కాస్త లోపలికి తొయ్యి, మంట లేస్తుంది. ఇందాక అన్నం దగ్గర నువ్వు అడిగావే, "ఒక కథ చదివాను తాతా, అలాంటిదే రాయాలనుంది, రాస్తే దొంగతనమా?" అని. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1963 నాటి మాట. నాకు పద్దెనిమిదేళ్ళు. రాజమండ్రిలో చదువు. సాయంత్రమైతే గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఒక కథ చదివాను. సీమలో మెట్ట ఊరు. ఒక ముసలావిడ కొడుకు కోపంతో రాత్రికి రాత్రి ఇల్లు విడిచిపోయాడు. ఏడేళ్ళయినా ఆవిడ పడుకోబోయే ముందు గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెడుతుంది. మీద మూత, మూత మీద చిన్న రాయి. పొద్దున్నే ఆ నీళ్ళు తులసికి పోసి, చెంబు తోమి బోర్లిస్తుంది. కథంతా అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడిదాకా ఏ తప్పూ లేదమ్మా. ఒక కథ మనిషిని అలా పట్టుకోవడం అదృష్టమే.

తప్పు మర్నాడు చేశాను. అరఠావు కాగితాలు కొని, ఎదురుగా ఆ కథ పెట్టుకుని, ఒకవైపే రాసుకుంటూ పోయాను. ముసలావిడ పేరు మార్చాను. ఊరు మార్చి మన కాలవగట్టుకి తెచ్చాను. వాక్యాలు అటూ ఇటూ తిప్పాను. చెంబు మాత్రం అలాగే ఉంచాను, మూత మీద రాయితో సహా. కథతో పాటు హామీపత్రం జతచెయ్యాలి కదా, ‘ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు’ అని. అది కూడా నా చేత్తో రాసి సంతకం పెట్టాను. కథ అచ్చయింది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మ ఆ పత్రికని దేవుడి గూట్లో పెట్టింది.

మా తెలుగు మాస్టారు మాత్రం కబురు పెట్టారు. వెళ్ళాను. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. ఒక్కటే అడిగారు: "కాలవ ఇంటి ముందే పారుతోంది కదరా, ఆవిడ గుమ్మంలో నీళ్ళెందుకు పెట్టింది?"

నా దగ్గర జవాబు లేదు.

మెట్ట ఊళ్ళో నీళ్ళంటే మైలు దూరం నడిచి నెత్తిన మోసుకొచ్చినవి. రాత్రివేళ కొడుకు తిరిగొస్తే, ఎవరినీ లేపకుండా దాహం తీర్చుకోవడానికి ఆ తల్లి తన వాటాలోంచి చెంబెడు తీసి పెట్టింది. ఆ కథ రాసినాయన ఆ దాహం ఎరిగినవాడు. నేను చెంబునైతే ఎత్తుకొచ్చాను గానీ దాహం నాతో రాలేదు. మాస్టారు లేచి బీరువాలోంచి అదే పాత పత్రిక తీసి బల్ల మీద పెట్టారు. నా కళ్ళు దాని మీద నిలవలేదు.

ఆ రాత్రే ఆయన నాకు వీరేశలింగం పంతులుగారి సంగతి చెప్పారు. గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నవల పంతులుగారికి నచ్చింది. తెలుగు చెయ్యబోయారు. కొంత చేశాక తృప్తి కలగలేదు. అక్కడితో ఆపేసి, సొంతంగా కథ అల్లుకుని, 1878 నుంచి ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా వేశారు. అదే రాజశేఖర చరిత్రము. 1880లో పుస్తకమయింది. గోల్డ్‌స్మిత్‌ను చదివిన సంగతి ఆయన దాచుకోలేదమ్మా.

ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదువు, నీకే తెలుస్తుంది. మంచి కుటుంబం చితికిపోయి మళ్ళీ నిలదొక్కుకోవడం రెండింట్లోనూ ఉంది. అయితే ఇంగ్లీషు కథలో మతగురువు సొమ్ము పోవడానికి కారణం, దాన్ని నమ్మి అప్పగించిన వర్తకుడు పారిపోవడం. పంతులుగారి రాజశేఖరుడు ఉండేది ధవళేశ్వరంలో. అతని ఇంటి బంగారం పోయింది, బంగారం చేసే విద్య తెలుసునన్న బైరాగి చేతిలో. పొగడ్తలతో ఇంటికి చేరినవాళ్ళు, జోస్యాలు, మూఢనమ్మకాలు, అన్నీ మన వీధుల్లోవే. గోల్డ్‌స్మిత్‌కి బైరాగి ఏం తెలుసు? అది పంతులుగారు కళ్ళారా చూసిన లోకం. అందుకే 1887లో హచిన్‌సన్ అనే దొర ఈ పుస్తకాన్ని ‘ఫార్చ్యూన్స్ వీల్’ అని ఇంగ్లీషులోకి తిప్పాడు. ఎరువు తెచ్చుకున్న ఇంటివాళ్ళే వచ్చి అడిగి పట్టుకుపోయారన్న మాట!

పానుగంటివారిదీ ఇదే దారి. 1711లో లండన్‌లో అడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ పత్రిక స్ఫూర్తితో వ్యాసాలు రాశారు. స్పెక్టేటర్ అంటే చూసేవాడు. ఈయన తన వ్యాసాలకి ‘సాక్షి’ అని పేరు పెట్టారు. ఎవరికి బాకీయో పేరులోనే రాసి తలుపు మీద తగిలించినట్టు. లోపలికి వెళితే మాత్రం జంఘాలశాస్త్రి అనే పాత్ర ఉపన్యాసం వినబడుతుంది. ఆ గొంతు లండన్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ఆ తర్వాతి కాలంలో మన నవీన్‌గారి ‘అంపశయ్య’ నవల 1969లో వెలువడింది. నవలాకారుడు జాయిస్ ప్రభావం తన మీద ఉందని ఆయనే చెప్పారు. కానీ అందులో కథానాయకుడు రవి తిరిగేది ఉస్మానియా హాస్టల్లో, వాడి భయాలు తెలంగాణ పల్లె నుంచి వచ్చిన కుర్రాడి భయాలు.

సరే, నా సంగతికి వస్తాను. మర్నాడు పత్రికవాళ్ళకి ఉత్తరం రాశాను, ఆ కథ నాది కాదని. పారితోషికం మనియార్డరు తిప్పి పంపాను. మా అమ్మ ఆ పత్రికని దేవుడి గూట్లోంచి తానే తీసేసింది. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

మూడేళ్ళు కలం పట్టలేదు. ఒక రాత్రి మా మేనత్త లాంతరు పట్టుకుని కాలవ రేవుకి వెళుతుంటే చూశాను. మావయ్య గూటిపడవ మీద సరుకు వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. పడవ మునిగిందన్నారు, మనిషి మాత్రం దొరకలేదు. రోజూ చీకటి పడేసరికి ఆవిడ రేవు మెట్టు మీద లాంతరు పెట్టి, వత్తి కాస్త తగ్గించి వచ్చేది, కిరసనాయిలు తెల్లారేదాకా రావాలని. నేను చిన్నప్పటినుంచీ రోజూ చూస్తున్నదే. కానీ ఆ సీమ తల్లి చెంబు చదివి ఉండకపోతే, ఈ లాంతరు నా కంటికి ఆనేది కాదు.

ఆ కథ రాశాను. చెంబు లేదు, కొడుకు లేడు, ఒక్క వాక్యం ఆయనది లేదు. అయినా చివర ఆ రచయిత పేరు, ఆ కథ పేరు రాసి, అది చదివాకే ఇది రాయగలిగానని ఒక లైను చేర్చాను. మాస్టారికి చూపించాను. లాంతరు వత్తి ఎందుకు తగ్గించిందని అడిగారు. చెప్పాను. తలూపారు. పత్రికవాళ్ళు ఆ లైనుతో సహా అచ్చువేశారు.

నీ కథ రాయి తల్లీ. నువ్వు చదివిన ఆ పుస్తకం ముందు మూసేసి నాకియ్యి, నీ కథ పూర్తయ్యేదాకా నా పెట్టెలో ఉంటుంది. రాశాక చివర ఆ ఒక్క లైనూ మరిచిపోకు.